రోడ్డెక్కడానికి... ఇంట్లో తొక్కాను!

కాలర్ బోన్ విరిగితే ఏమవుతుందో తెలుసా? నొప్పి సంగతి తర్వాత. ముందు జడ వేసుకోవడం కుదరదు. 28 ఏళ్లొచ్చి, ఆఫీసులో నలుగురు జూనియర్లకి పని చెప్పే స్థాయికి వచ్చాక, ఖమ్మం నుంచి అమ్మ దిగి నూనె పెట్టి రెండు జడలు వేసి కూర్చోబెడితే, టీమ్ మీటింగ్‌లో కెమెరా ఆఫ్ చేసుకుని కూర్చోవాల్సి వస్తుంది. 'నెట్‌వర్క్ ఇష్యూ' అని అబద్ధం కూడా చెప్పాలి.

నాకది పోయినేడాది జులై చివర్లో జరిగింది. శనివారం పొద్దున్నే అయిదున్నరకి మియాపూర్‌లో బయల్దేరి, గండిపేట దాకా వెళ్లి, టీ తాగి, ఎండెక్కేలోపు ఇంటికొచ్చెయ్యడం మా సైకిల్ బ్యాచ్ అలవాటు. ఆ రోజు రాత్రంతా వాన. రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట కింద గుంత ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? నాకు తెలిసింది. ముందు చక్రం అందులోకి దిగాక.

డాక్టర్ ఎక్స్‌రే చూసి, "సైకిలా?" అని నేను చెప్పకముందే అడిగారు. సైకిల్ మీంచి పడేవాళ్లకి తరచూ విరిగే ఎముక ఇదేనట. పడేటప్పుడు చెయ్యి చాపుతాం కదా, ఆ దెబ్బంతా భుజం మీదుగా అక్కడికే చేరుతుంది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆరు వారాలు చెయ్యి మెడకి వేలాడదీసుకుని ఉండాలి. రోడ్డు మీద సైకిల్ మాత్రం మూడు నెలల దాకా వద్దన్నారు.

అమ్మ నా రోడ్ బైక్ మీద దుప్పటి కప్పి బాల్కనీలో ఓ మూలకి నెట్టేసింది. అది నేను బోనస్ డబ్బులతో కొనుక్కున్నది. ఖరీదు అమ్మకి సగమే చెప్పాను. ఆ సగానికే, "ఏందే ఇది, అమ్మెయ్ దాన్ని. ఆ డబ్బులతో గొలుసు చేయించుకో. సంబంధాలు చూస్తున్న టైమ్‌లో ఈ కట్లేంటి?" అంది. నాన్న ఫోన్‌లో ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే అమ్మ మాటే ఆయన మాట కూడా అని మా ఇంట్లో అర్థం.

కానీ నేను డిసెంబర్‌లో ఒక 200 కి.మీ. బ్రెవేకి వెళ్దామనుకుంటున్నాను. బ్రెవే అంటే రేసు కాదు. ఎవరు ముందొచ్చారన్నది అనవసరం. 200 కి.మీ. దూరాన్ని 13 గంటల 30 నిమిషాల్లోపు పూర్తి చెయ్యాలి, అంతే. టీలు, టిఫిన్లు, పంక్చర్లు అన్నీ కలుపుకుని గంటకి సుమారు 15 కి.మీ. వినడానికి తేలికే. ఒంటి చేత్తో అన్నం కలుపుకోలేని రోజుల్లో మాత్రం అది హిమాలయాల్లా కనిపించింది.

అమ్మకి నచ్చిన సైకిల్

స్లింగ్ తీసేశాక, ఫిజియోథెరపిస్టు కదలని సైకిల్ తొక్కొచ్చన్నారు. మా బ్యాచ్‌లో ఒక అబ్బాయి తన పాత ట్రైనర్ తెచ్చిచ్చాడు. ఇది వెనక చక్రం ఇరుసుని రెండు వైపులా బిగించి పట్టుకుంటుంది. చక్రం కింద చిన్న రోలర్ ఒకటి టైరుని నొక్కుతూ ఉంటుంది. తొక్కితే చక్రం తిరుగుతుంది, సైకిల్ మాత్రం కదలదు. నిద్రపోతూ తొక్కినా పడం.

అమ్మకిది తెగ నచ్చేసింది. హాల్లో సీరియల్ చూస్తూ, పక్కన నేను చెమటలు కక్కుతుంటే, "బాగుందే ఇది. ఇంట్లోనే తొక్కుకోవచ్చు, దెబ్బలు తగలవు, కుక్కలు తరమవు, పొద్దున్నే ఒక్కదానివే వెళ్లావని నాకు గుండెదడ ఉండదు. ఇంక రోడ్డెందుకు?" అంది.

ఆ 'ఇంక రోడ్డెందుకు' అన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు. అమ్మ తప్పుగా ఏమీ అనలేదు. ఒంటికి వ్యాయామమే కావాలనుకుంటే నిజంగానే రోడ్డు అక్కర్లేదు. నాకేమో తెల్లారకముందు లింగంపల్లి దాటాక వచ్చే ఆ చల్లగాలి కావాలి. అది అమ్మకి ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆరు వారాలు ట్రైనర్ మీద తొక్కాను. కాళ్లకి పాత బలం వచ్చేసింది. అక్టోబర్ చివర్లో డాక్టర్ ఓకే అన్నారు. ఆదివారం పొద్దున్నే హుషారుగా దిగాను. గేటు దాటాను, మెయిన్ రోడ్డెక్కాను. ఓ ఆటో నన్ను రాసుకుంటూ వెళ్లింది. ఎదురుగా రోడ్డు మీద కొంచెం నీళ్లు. అంతే, రెండు చేతులూ హ్యాండిల్ మీద బిగుసుకుపోయాయి. సైకిల్ పాములా మెలికలు తిరిగింది. బ్రేకులు నొక్కి దిగిపోయాను. మళ్లీ ఎక్కుదామంటే కాలు పెడల్ మీదికి వెళ్లలేదు. రెండు కిలోమీటర్లు నడిపించుకుంటూ ఇంటికొచ్చాను.

అమ్మ ఎక్కువ అడగలేదు. కాఫీ ఇచ్చింది. తను గెలిచినట్టు మొహం పెట్టినా బాగుండేది. జాలిగా చూసింది. అదే తట్టుకోలేకపోయాను.

ఆ సాయంత్రం మా బ్యాచ్‌లో అందరికన్నా పెద్దాయన, బ్యాంకులో పనిచేసే అంకుల్‌కి ఫోన్ చేశాను. అంతా విని ఆయనొకటే అన్నారు. "నీ కాళ్లకేం కాలేదమ్మా. భయం చేతుల్లో ఉంది. ఆ ట్రైనర్ ఉంది చూశావూ, అది సైకిల్‌ని పట్టుకుంటుంది. మూడు నెలలుగా నువ్వు బ్యాలెన్స్ చెయ్యనే లేదు. రోలర్ల మీద తొక్కి చూడు. అవి పట్టుకోవు."

పట్టుకునేవి, పట్టుకోనివి

సాఫ్ట్‌వేర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? రాత్రికి రాత్రే ఎక్సెల్ షీట్ తెరిచాను. ఇండోర్‌లో తొక్కడానికి ఏమేం దొరుకుతాయో రాశాను.

మొదటిది నేను వాడిన రకం, వెనక చక్రాన్ని బిగించేది. చవక. టైరు మాత్రం త్వరగా అరుగుతుంది. రెండోది డైరెక్ట్ డ్రైవ్. వెనక చక్రం మొత్తం తీసేసి, చైన్‌ని నేరుగా ఆ మిషన్‌కే తగిలించాలి. జ్విఫ్ట్ లాంటి యాప్‌కి కలిపితే, తెర మీద కొండ వచ్చినప్పుడు పెడల్ బరువెక్కుతుంది. శబ్దం తక్కువ, కొలతలు కచ్చితం. నేను వెతికినప్పుడు మంచివి 60 వేల పైనే ఉన్నాయి. ఆఫీసులో అందరూ ఇదే కొనమన్నారు. ఈఎంఐ కూడా ఉందిగా అన్నారు.

మూడోది రోలర్లు. చూస్తే నవ్వొస్తుంది. నిచ్చెనలాంటి ఒక ఫ్రేమ్, అందులో మూడు గుండ్రటి డ్రమ్ములు. వెనక చక్రం కింద రెండు, ముందు చక్రం కింద ఒకటి. వెనక డ్రమ్ముకీ ముందు డ్రమ్ముకీ మధ్య ఒక రబ్బరు బెల్టు. మనం తొక్కితే వెనక చక్రం డ్రమ్ముని తిప్పుతుంది, బెల్టు ముందు డ్రమ్ముని తిప్పుతుంది, దాంతో ముందు చక్రం కూడా తిరుగుతుంది. అంతే. బోల్టు లేదు, క్లాంపు లేదు. సైకిల్ డ్రమ్ముల మీద ఊరికే నిలబడి ఉంటుంది. దాన్ని నిలబెట్టాల్సింది మనమే.

చదివింది మెకానికల్, చేసేది కోడింగ్ కాబట్టి ఇక్కడ నాకు కాస్త ఉత్సాహం ఎక్కువైంది. సైకిల్ ఎందుకు పడిపోదు అంటే, గిరగిరా తిరిగే చక్రాలే బొంగరంలా నిలబెడతాయని చాలామంది చెబుతారు. నేనూ అదే అనుకునేదాన్ని. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, ఆ బొంగరం ప్రభావాన్ని రద్దు చేసేలా ఒక ప్రత్యేకమైన సైకిల్ తయారుచేసి, అయినా అది తనంతట తాను నిలబడి వెళ్లగలదని చూపించారు. అసలు కీలకమంతా హ్యాండిల్ తిరగడంలో ఉంది. ఎడమకి ఒరిగితే హ్యాండిల్ కొంచెం ఎడమకి తిరుగుతుంది, చక్రాలు మళ్లీ మన బరువు కిందకి వస్తాయి. రోడ్డు మీద మనకి తెలియకుండానే ఇది క్షణక్షణం జరుగుతుంటుంది. ట్రైనర్ మీద జరగదు, ఫ్రేమ్ బిగించి ఉంటుంది కాబట్టి. రోలర్ల మీద జరుగుతుంది. అయితే అక్కడ మన రోడ్డు వెడల్పు ఒక మూరే. అందుకే పెద్ద పెద్ద సవరింపులు పనికిరావు.

షీట్‌లో ధర, శబ్దం, బరువు, సైజు అని పదకొండు కాలమ్స్ పెట్టాను. మార్కులు కలిపితే డైరెక్ట్ డ్రైవ్ గెలిచింది. అప్పుడు పన్నెండో కాలమ్ చేర్చాను: 'ఎందుకు?'. ఫిట్‌నెస్ కోసమైతే డైరెక్ట్ డ్రైవ్. మళ్లీ రోడ్డెక్కడం కోసమైతే రోలర్లు. మిగతా కాలమ్స్ అన్నీ డిలీట్ చేసేశాను.

ఏం చూసి కొన్నాను?

రోలర్లలోనూ రకాలున్నాయి. కొనాలనుకునేవాళ్ల కోసం నేను చూసుకున్నవి చెబుతాను.

డ్రమ్ము సైజు: సాధారణంగా 3 అంగుళాల నుంచి 4.5 అంగుళాల దాకా వ్యాసం ఉంటుంది. చిన్న డ్రమ్ము మీద టైరు ఎక్కువగా నొక్కుకుపోతుంది, అందుకే తొక్కడం బరువు. పెద్ద డ్రమ్ము తేలిక, నున్నగా సాగుతుంది. నేర్చుకునేవాళ్లకి పెద్దదే నయం.

డ్రమ్ము ఆకారం: కొన్ని నిటారు గొట్టాల్లా ఉంటాయి. కొన్నింటికి అంచులు లావుగా, మధ్యలో సన్నగా ఉంటుంది. ఇటలీ కంపెనీ ఎలైట్ వాళ్ల అరియన్, టాక్స్ వాళ్ల యాంటారెస్ ఈ పద్ధతిలోవే. చక్రం పక్కకి జారుతుంటే ఆ అంచు మధ్యలోకి నెడుతుంది. పూర్తి భరోసా కాదు గానీ, మొదటి నెల ఎవరో భుజం తట్టి సరిచేస్తున్నట్టుంటుంది.

మెటీరియల్: అల్యూమినియం డ్రమ్ములు ఖరీదెక్కువ, గుండ్రదనం కచ్చితంగా ఉంటుంది. ప్లాస్టిక్‌వి చవక. డ్రమ్ము ఏ కొంచెం వంకర ఉన్నా స్పీడ్ పెరిగేకొద్దీ సైకిలంతా వణుకుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే డ్రమ్ముని చేత్తో తిప్పి, చెవి పెట్టి బేరింగ్ శబ్దం వినండి.

రెసిస్టెన్స్: మామూలు రోలర్లు బాగా తేలిక. కారణం గాలి. రోడ్డు మీద గాలిని చీల్చుకుంటూ వెళ్లడానికి కావాల్సిన పవర్, స్పీడ్‌కి ఘనంలో పెరుగుతుంది. స్పీడ్ రెట్టింపైతే ఆ పవర్ ఎనిమిది రెట్లు. గదిలో ఎదురుగాలి లేదు కాబట్టి రోలర్ల మీద 40 కనిపించినా మురిసిపోకండి, రోడ్డు మీద అది రాదు. గట్టిగా ట్రైనింగ్ చేసేవాళ్లు మ్యాగ్నెట్‌తో రెసిస్టెన్స్ పెంచే మోడల్ చూసుకోవాలి. ఫ్రేమ్ కూడా ముందుకీ వెనక్కీ ఊగే రకాలున్నాయి, వాటి మీద లేచి నిలబడి తొక్కడం సులువు. ధర కూడా అలాగే ఉంటుంది.

సైకిల్‌కి సరిపోవడం: ఇక్కడ రోలర్లకి నూటికి నూరు. ఇరుసు ఏ రకమైనా గొడవ లేదు, ఏ అడాప్టరూ అక్కర్లేదు. మన సైకిల్ పొడవుకి తగ్గట్టు ముందు డ్రమ్ముని జరుపుకోవాలి. అది ముందు చక్రం ఇరుసు కన్నా కొద్దిగా ముందుకి ఉండాలి. గరుకు పట్టీల మౌంటెన్ బైక్ టైర్లు మాత్రం వద్దు, ఫ్లాట్ మొత్తం అదురుతుంది.

చివరికి 19 వేలకి, అంచులు లావుగా ఉండే, మడతపెట్టుకునే సెట్ ఒకటి తీసుకున్నాను. మడిస్తే సోఫా వెనక పట్టేస్తుంది.

"ముందు చక్రం వంక చూస్తున్నావా?"

డబ్బా విప్పగానే అమ్మ, "దీనికి పట్టుకునేది ఎక్కడుంది?" అని అడిగింది. లేదన్నాను. "పడితే?" అంది. పడొచ్చన్నాను. అమ్మ ఇంకేం మాట్లాడలేదు. లోపలికెళ్లి బెడ్‌రూమ్‌లోంచి పరుపు ఈడ్చుకొచ్చి పక్కన పరిచింది.

హాలుకీ బెడ్‌రూమ్‌కీ మధ్య గుమ్మంలో పెట్టుకున్నాను, రెండు వైపులా ద్వారబంధం చేతికందేలా. కుడి చెయ్యి ద్వారబంధం మీద, ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద. అమ్మ వెనక సీటు పట్టుకుంది. తొక్కడం మొదలుపెట్టాను. కుడి చెయ్యి తియ్యగానే ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకుని మళ్లీ గోడకి అతుక్కుపోయాను. మొదటి రోజు గోడ వదిలి ఉన్నది మొత్తం కలిపితే పది సెకన్లు ఉంటుందేమో.

ఒక మంచి విషయం చెప్పాలి. సినిమాల్లోలా ఎగిరి గోడ బద్దలు కొట్టుకుని వెళ్లిపోతామేమో అని భయపడ్డాను. అలా ఏం జరగదు. చక్రాలు తిరుగుతున్నాయే గానీ మన ఒళ్లు ముందుకి వెళ్లట్లేదు కదా. డ్రమ్ము దిగితే టైరు నేల తగిలి ఆగిపోతుంది. పక్కకి ఒరిగిపోవడమే అసలు ప్రమాదం. నాలుగో రోజు అదీ అయింది. ఎడమ వైపు, పరుపు మీద పడ్డాను. దెబ్బ లేదు. అమ్మ మాత్రం సోఫాలో కూర్చుని ఏడ్చేసింది. "నీకు ఎముక అతికింది. నాకింకా అతకలేదే" అంది.

ఆ రాత్రి రోలర్లు వాపసు ఇచ్చేద్దామనుకున్నాను. నిజంగానే రిటర్న్ పేజీ తెరిచాను. అప్పుడే నాన్న ఫోన్. అమ్మ చెప్పి ఉంటుంది. తిడతారేమో అనుకున్నాను. ఆయన చాలాసేపు ఆగి, "తొక్కేటప్పుడు ముందు చక్రం వంక చూస్తున్నావా?" అని అడిగారు.

చూస్తున్నాను. చక్రం డ్రమ్ము మీంచి జారిపోతుందేమోనని దాన్నే చూస్తున్నాను.

"మూడో క్లాసులో కూడా అదే చేసేదానివి. చక్రం వంక చూడకు తల్లీ, దూరంగా చూడు" అన్నారు.

ఖమ్మంలో మా వీధి చివర అద్దె సైకిల్ షాపు. నాన్న ఆదివారం ఆదివారం గంటకి చిన్న సైకిల్ తెచ్చి, సీటు పట్టుకుని వెనక పరిగెత్తేవారు. తర్వాత హైస్కూల్‌కి లేడీబర్డ్ సైకిల్ కొనిచ్చారు. సైకిల్ మీద ఒక్కదాన్నే స్కూలుకి పంపించింది వీళ్లిద్దరే. ఆ సంగతి ముగ్గురం మర్చిపోయాం.

మర్నాడు ఎదురుగోడ మీద, కంటికి ఎదురుగా, ఒక పసుపు స్టిక్కీ నోట్ అంటించాను. తొక్కుతున్నంతసేపూ దాన్నే చూశాను. చేతులు వదులు చేశాను, హ్యాండిల్ మీద వేళ్లు ఊరికే ఆనించినట్టు. పెడల్‌ని గుద్దకుండా, గుండ్రంగా, నిమిషానికి 90 చుట్ల లెక్కన. వింత ఏమిటంటే రోలర్ల మీద నెమ్మదిగా తొక్కితేనే కష్టం. వేగం పెరిగాక సైకిల్ కుదురుగా నిలబడుతుంది. నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. "అమ్మా, వదిలెయ్" అన్నాను. జవాబు వంటింట్లోంచి వచ్చింది. "ఎప్పుడో వదిలేశాను. పప్పు మాడుతోంది."

ఆ తర్వాత కింది ఫ్లాట్ అంకుల్ పైకొచ్చారు, "మీ ఇంట్లో పిండి మిషన్ పెట్టారా అమ్మా?" అంటూ. కింద రెండు మందపాటి రబ్బరు షీట్లు వేసి, సాయంత్రం ఆరున్నర నుంచి ఏడుంపావు వరకే అని ఒప్పందం చేసుకున్నాం. యూఎస్ టీమ్‌తో కాల్ మొదలయ్యేలోపు నాకూ అదే ఖాళీ. ఫ్యాన్ లేకుండా మాత్రం ఎవరూ మొదలుపెట్టకండి. చెమట ధారగా కారుతుంది, ఉప్పుకి హ్యాండిల్ బోల్టులు తుప్పు పడతాయి. హ్యాండిల్ మీద ఒక తువ్వాలు తప్పనిసరి.

మూడో వారానికి ఆపకుండా 20 నిమిషాలు. అయిదో వారానికి ఒక చేత్తో బాటిల్ తీసి నీళ్లు తాగాను. ట్రైనర్ మీద గంట తొక్కినప్పుడు కాళ్లు అలిసేవి. రోలర్ల మీద అరగంటకే బుర్ర అలిసిపోతుంది. ఒక్క క్షణం ఆఫీసు మెయిల్ గుర్తొచ్చినా చక్రం అంచుకి వెళ్లిపోతుంది మరి.

మళ్లీ అదే నీళ్లు

డిసెంబర్ బ్రెవే పోయింది. దానికేం బాధలేదు. ఆ నెల చివరి శనివారం మా బ్యాచ్‌తో మళ్లీ గండిపేట బయల్దేరాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కి.మీ. సైకిల్ ట్రాక్ ఉంది కదా, అక్కడే తొక్కుకోవచ్చుగా అని మీరనొచ్చు. మంచి ట్రాక్. కానీ మా ఇంటి నుంచి అక్కడికి చేరాలన్నా మామూలు రోడ్డు మీదే వెళ్లాలి. భయం ఉండేది ఆ రోడ్డు మీదే.

నేను పడిన చోటు వచ్చింది. గుంత పూడ్చారు. పక్కనే కొత్తది పడింది, అది వేరే కథ. వెనకనుంచి లారీ హారన్. నా చేతులు బిగుసుకుంటున్నట్టు తెలిసింది. తెలియడమే కొత్త. జులైలో, అక్టోబర్‌లో అది కూడా తెలియలేదు. వేళ్లు వదులు చేశాను. గుంత వంక చూడకుండా, దాని పక్కనుంచి వెళ్లాల్సిన దారి వంక చూశాను. సైకిల్ అటే వెళ్లింది.

భయం పోయిందని చెప్పను. నీళ్లు కనిపిస్తే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. ఫిబ్రవరిలో 200 కి.మీ. బ్రెవే 12 గంటల 50 నిమిషాల్లో పూర్తి చేశాను. టైమ్ కన్నా 40 నిమిషాలు ముందు. ఆ రోజంతా అమ్మ నా లైవ్ లొకేషన్ చూస్తూనే ఉందని నాన్న తర్వాత చెప్పారు.

మీరు కూడా ఏది కొనాలా అని ఆలోచిస్తుంటే, ముందు ఆ పన్నెండో కాలమ్ నింపుకోండి. ఎముక ఇంకా అతకకపోతే రోలర్ల జోలికి వెళ్లకండి, పట్టుకునే ట్రైనరే మంచిది. వాట్లు, కొండలు, లెక్కలు కావాలంటే డైరెక్ట్ డ్రైవ్ తీసుకోండి. రోడ్డు మీద గీత గీసినట్టు వెళ్లడం రావాలంటే మాత్రం పట్టుకోనిదే కొనండి. మొదటి వారం పక్కన పరుపూ, వెనక ఓ మనిషీ ఉండాలి.

మార్చిలో అమ్మ ఖమ్మం వెళ్లిపోయింది. బస్సెక్కే ముందు సంచులు సర్దుతూ, సోఫా వెనక మడిచి పెట్టిన రోలర్ల వైపు చూసింది. అమ్మేయమంటుందేమో అనుకున్నాను.

"దాన్ని ఎవరికీ ఇచ్చెయ్యకు. మళ్లీ వానాకాలం వస్తది కదా" అంది.